ధర్మమే యజమాని అయినపుడు

2024వ సంవత్సరము జూన్ 28వ తేదీన టాటా సామాజిక శాస్త్రముల సంస్థలో పనిచేయుచున్న నూరుమందికి పైగా ఉద్యోగులకు నోటీసులు అందినవి. ఆ మాసాంతముతో వారి కొలువు ముగియునని వాని సారాంశము. వారిలో ఇంచుమించు సగము మంది అధ్యాపకులు. తక్కినవారు కార్యాలయ సిబ్బంది. ముంబయి, తుల్జాపూరు, గౌహతి శాఖల వారితోపాటు మన హైదరాబాదు శాఖవారును అందు కలరు. కారణ మొక్కటే. వారి జీతములు టాటా ఎడ్యుకేషన్ ట్రస్టు ఇచ్చు నిధులనుండి చెల్లింపబడుచుండెను. ఆ నిధులు సకాలమున అందలేదు. రెండు దినములు గడచినవి. ధనము సమకూర్చెదమని ట్రస్టు మాట యిచ్చినది. నోటీసులను సంస్థ ఉపసంహరించుకొన్నది.

పత్రికలలో ఆ వార్త కొలది దినములు నిలిచి మరుగుపడినది. కాని ఉపాధ్యాయ వృత్తిలో నున్నవారు ఆ రెండు దినములను అంత తేలికగా మరువజాలరు. మాసాంతమున జీతము వచ్చునా రాదా అను ప్రశ్న ఎదురైనపుడు మనకు వెంటనే గుర్తుకువచ్చునది ప్రభుత్వము, లేదా పాఠశాల యాజమాన్యము. ఇచట ఆ స్థానమున నిలిచినది ఒక ధర్మసంస్థ. అది ఎవరిది? దానికి ధనము ఎచటనుండి వచ్చుచున్నది? ఇచ్చుటకును, ఆపుటకును నిర్ణయము చేయువారెవరు? వారు ఎవరికి జవాబుదారులు? దేశములో ఇంత పేరుపొందిన దానవ్యవస్థ వేరొకటి లేదు. దాని లోపలి నడకను ఎరిగినవారు మాత్రము చాల తక్కువ.

మన పల్లెలలో దేవుని మాన్యమనునది అందరెరిగినదే. భూమి దేవుని పేరున నుండును. దున్నువాడొకడు, కౌలు వసూలు చేయువాడొకడు, ధూపదీప నైవేద్యములకు ఎంత, అర్చకునికి ఎంత, ఉత్సవమునకు ఎంత అని నిర్ణయించు ధర్మకర్త వేరొకడు. యజమాని దేవుడే, కాని ఆయన ఏనాడును లెక్క చూపుమని అడుగడు. ధర్మకర్త మంచివాడైనచో గుడిలో దీపము వెలుగును. కానిచో ఏమగునో మనకు తెలియనిది కాదు. టాటా ట్రస్టుల వ్యవస్థను విద్యార్థులకు బోధపరచుటకు ఇంతకన్న దగ్గరి పోలిక నాకు తోచుటలేదు. భేదమేమనగా, ఇచట మాన్యముగా నున్నది పొలము కాదు. ఉక్కు, విద్యుత్తు, మోటారు వాహనములు, కంప్యూటరు సేవలు, హోటళ్ళు మొదలగు అనేక వ్యాపారములపై పెత్తనము గల ఒక కంపెనీ వాటాలు.

ఇదియే ఈ విషయములోని కీలకము. సాధారణముగా ధనవంతుడు వ్యాపారము తనయొద్ద ఉంచుకొని, వచ్చిన లాభములో కొంత దానము చేయును. ఇచట వ్యాపారమునకే యజమానియైన కంపెనీలో అధిక భాగము దానము చేయబడినది.

దాని మూలము జంషెట్జీ టాటాతో ఆరంభమగును. 1839లో గుజరాతు దేశములోని నవసారిలో పారశీక పురోహిత వంశమున ఆయన జన్మించెను. దానమును గూర్చి ఆయనకు స్వంత అభిప్రాయములుండెను. 1892లో ఆయన పేరున ఏర్పడిన విద్యానిధి విదేశములకు చదువుకై పోవు యువకులకు ఊరక ధనమీయలేదు; అప్పుగా ఇచ్చినది. చదువు ముగించి సంపాదించుకొన్నవాడు తీర్చిన అప్పుతో మరియొకడు చదువుకొనవలెనని తలంపు. ఈ నిధి నేటికిని నడచుచున్నది. కేరళలో నిరుపేద దళిత కుటుంబమున పుట్టి, టాటా విద్యార్థి సహాయముతో 1945లో లండను చేరిన కె.ఆర్. నారాయణన్ తరువాత రాష్ట్రపతి అయ్యెను.

1898లో జంషెట్జీ ఒక విజ్ఞాన విద్యాలయమునకై ముప్పది లక్షల రూపాయల విలువగల ఆస్తిని ఇచ్చెదనని ప్రకటించెను. నాటి ముప్పది లక్షలనగా ఏపాటి ధనమో పెద్దలను అడుగవలెను. కర్జను ప్రభువు ఉత్సాహము చూపలేదు. ఫైళ్ళు నడచుచుండగనే 1904లో జంషెట్జీ జర్మనీలో కన్నుమూసెను. మైసూరు సంస్థానము 371 ఎకరముల భూమి నొసగగా 1909లో బెంగుళూరున ఆ సంస్థ వెలసినది. కలగన్నవాడు దాని పునాదిరాయినైనను చూడలేదు.

ఆయనకు ఇరువురు కుమారులు. చిన్నవాడు సర్ రతన్ టాటా. ఇటీవల మనమెరిగిన రతన్ టాటా వేరు, ఈయన వేరు. దక్షిణాఫ్రికాలో గాంధీజీ నడపిన పోరాటమునకు పెద్దమొత్తములు పంపినవాడు, పాటలీపుత్రపు త్రవ్వకములకు ధనమిచ్చినవాడు ఈయన. 1918లో నలుబది యేడేండ్ల వయస్సున మరణించెను. మరుసటి యేడు ఆయన ఆస్తితో ట్రస్టు ఏర్పడినది. పెద్దవాడు సర్ దొరాబ్జీ. 1924లో ఉక్కు కంపెనీ జీతములకే కటకటలాడు స్థితి వచ్చినపుడు, తన స్వంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి నగలను తాకట్టుపెట్టి ఇంపీరియల్ బ్యాంకునుండి అప్పు తెచ్చిన వాడు. ఆ నగలలో జూబిలీ వజ్రమనునది 245 కారట్ల తూకము గలది. కంపెనీ గట్టెక్కినది, నగలు ఇల్లు చేరినవి. కాని 1931లో మెహర్‌బాయి రక్తపు క్యాన్సరుతో మరణించెను. మరుసటి యేడు, అనగా 1932లో, దొరాబ్జీ తన యావదాస్తిని, టాటా సన్సు కంపెనీలోని వాటాలు మొదలుకొని భార్య విడిచిన నగల వరకు, ట్రస్టునకు వ్రాసియిచ్చెను. కొలది మాసములకే తానును గతించెను.

సోదరు లిరువురకును సంతానము లేదు. అందువలననే ఇంత దానము జరిగినదని తేలికగా తీసివేయువారు కలరు. సంతానము లేని ధనవంతులు మన దేశములో తక్కువగా ఉండిరా? దత్తత చేసికొనిరి, దాయాదులకు విడిచిరి, దాయాదుల వకీళ్ళకు విడిచిరి. ఇచటను దత్తత జరుగకపోలేదు. సర్ రతన్ భార్య నవాజ్‌బాయి ఒక పారశీక అనాథాశ్రమమునుండి నావల్ అను బాలుని తెచ్చి పెంచుకొనెను. ఇటీవలి రతన్ టాటాయు, నేటి నోయెల్ టాటాయు ఆ నావల్ కుమారులే. ఆ దత్తపుత్రునికి ఇంటిపేరు దక్కినది, ఉన్నత పదవులు దక్కినవి. ఆస్తిలో సింహభాగము మాత్రము ట్రస్టులయందే నిలిచిపోయినది.

ఆ ధనము చేసిన పనిని చూడుడు. 1936లో సామాజిక సేవా విద్యాలయము బొంబాయిలో స్థాపింపబడినది. మొదట చెప్పిన సంస్థ అదియే. మెహర్‌బాయి వ్యాధి దుఃఖములోనుండి 1941లో టాటా స్మారక క్యాన్సరు వైద్యశాల పుట్టినది. 1944 మార్చి మాసమున హోమీ భాభా అను యువశాస్త్రజ్ఞుడు దొరాబ్జీ ట్రస్టునకు ఒక లేఖ వ్రాసెను. భౌతికశాస్త్రములో మౌలిక పరిశోధనకు ఒక కేంద్రము కావలెనని కోరిక. దేశమునకు స్వాతంత్ర్యమే లేదు. అణుశక్తి అను మాట సామాన్యుడు వినియెరుగడు. ఆ లేఖను చదివి సరేయన్న ధర్మకర్తల సాహసమును మెచ్చుకొనక తప్పదు. 1945లో ఆ పరిశోధనాలయము ఆరంభమైనది. భారత అణుశాస్త్రమునకు అదియే ఊయల.

ఈ సంస్థల చరిత్రలో ఒక పద్ధతి కనుపించును. ట్రస్టు మొదటి పెట్టుబడి పెట్టును. బిడ్డ నడువ నేర్చిన పిమ్మట ప్రభుత్వము చేతిలో పెట్టును. క్యాన్సరు వైద్యశాల 1957లో కేంద్ర ఆరోగ్యశాఖకు, 1962లో అణుశక్తి శాఖకు చేరినది. భాభా సంస్థయు అట్లే. ట్రస్టు చేతులు మరియొక బిడ్డకై ఖాళీ అయినవి. ఇది వివేకముతో కూడిన దానము. అప్పగింత పూర్తి కాని చోటనే చిక్కు పుట్టినది. సామాజిక శాస్త్రముల సంస్థ ఇపుడు ప్రధానముగా కేంద్ర ప్రభుత్వ నిధులపై నడచుచున్నది; 2023 నుండి దాని సంచాలకుని నియామకమును కేంద్రమే చేయుచున్నది. కాని కొన్ని విభాగములలోని అధ్యాపకులు ప్రభుత్వ జీతపు పట్టీలోనికి ఎక్కలేదు. ట్రస్టు గ్రాంటుపైననే, ఒప్పందము వెనుక ఒప్పందముగా, కొందరు దశాబ్దమునకు పైగా పనిచేసిరి. ప్రభుత్వము వారిని తనవారనలేదు. ట్రస్టునకు వారు ఉద్యోగులు కారు. 2024 జూన్‌లో వారు నిలబడినది ఈ రెంటి నడుమనున్న సందులో. ఎయిడెడు పాఠశాలలలో మంజూరు కాని పోస్టులలో పనిచేసిన మన ఉపాధ్యాయ మిత్రులకు ఈ స్థితిని వేరుగా వివరింప నక్కరలేదు.

ఇక ధనము వచ్చు దారిని చూతము. టాటా సన్సు అను కంపెనీ తక్కిన టాటా కంపెనీలకు తల్లివంటిది. దానిలో దొరాబ్జీ ట్రస్టునకు సుమారు 28 శాతము, రతన్ ట్రస్టునకు 23 శాతమునకు పైగా వాటా కలదు. తోడి ట్రస్టులను కలుపుకొన్నచో మొత్తము 66 శాతము. షాపూర్‌జీ పల్లోంజీ వర్గమువారికి 18 శాతమునకు కొంచెము పైన. మిగిలినది చాలవరకు టాటా కంపెనీల చేతిలోనే ఉన్నది. టాటా వంశీయుల స్వంత వాటాలు స్వల్పము. ఈ కారణముచేతనే ప్రపంచ కుబేరుల పట్టికలలో అగ్రస్థానములయందు టాటాల పేర్లు కానరావు.

హైదరాబాదు శివారున ఆదిభట్లలోనో, గచ్చిబౌలిలోనో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ కార్యాలయమున ఒక యువకుడు దూరదేశపు బ్యాంకునకు కావలసిన పని చేయును. ఆ బ్యాంకు రుసుము చెల్లించును. ఖర్చులు పోగా లాభము మిగులును. ఆ లాభములో కొంత డివిడెండుగా వాటాదారులకు పంచబడును. ఆ కంపెనీలో డెబ్బది శాతమునకు మించిన వాటా టాటా సన్సుది; కావున అధిక భాగము అచటికి చేరును. ఇతర కంపెనీల డివిడెండు కూడ అట్లే వచ్చును. టాటా సన్సు తాను మరల డివిడెండు ప్రకటించినపుడు ప్రతి నూరు రూపాయలలో అరువదియారు ట్రస్టులకు పోవును. ట్రస్టు దానిని గ్రాంటుగా విడుదల చేయును. అది అదే హైదరాబాదులోని ఒక అధ్యాపకుని జీతముగా మారును. ఒకే నగరములో పనిచేయు ఆ యువకునికిని, ఈ అధ్యాపకునికిని నడుమ ఇంత దారి యున్నదని ఇరువురును ఎరుగరు.

ఈ కాలువకు రెండు తూములు కలవు. మొదటిది టాటా సన్సు పాలకవర్గము చేతిలో నున్నది. క్రిందనుండి వచ్చిన ధనమంతయు పైకి పోదు. క్రొత్త వ్యాపారములకై ఎంత నిలుపుకొనవలెను, వాటాదారులకు ఎంత పంచవలెను అని నిర్ణయించునది వారు. 2022 జనవరిలో టాటాలు ఎయిర్ ఇండియాను ప్రభుత్వమునుండి తిరిగి కొనిరి. 1932లో జె.ఆర్.డి. టాటా స్థాపించి, 1953లో జాతీయమైన సంస్థ అది. పాత ఇంటిని తిరిగి కొనుక్కొన్నట్టి ఆ సంతోషమును ఎవరు కాదందురు? కాని అట్టి పనులకు పెట్టిన ప్రతి రూపాయియు ఆ యేడు డివిడెండుగా పంచుటకు లేని రూపాయియే. విమానమునకు రెక్కలా, ఆసుపత్రికి మంచములా అను ప్రశ్నను ఎవరును బహిరంగముగా అడుగరు. లెక్కలో మాత్రము అది ప్రతి సంవత్సరమును ఉండును. రేపటి లాభమునకై నేడు పెట్టుబడి పెట్టవలెనను వాదము నిస్సారమైనది కాదు. 1968లో చిన్న విభాగముగా పుట్టిన కంప్యూటరు సేవల సంస్థపై నాడు ధనము పెట్టి ఓపిక పట్టినందుననే నేడు ట్రస్టులకు ఇంత రాబడి.

రెండవ తూము ధర్మకర్తల చేతిలోనిది. వచ్చిన రాబడిలో ఏ పనికి ఎంత అనునది వారి నిర్ణయము. ఆదాయపు పన్ను చట్టము ప్రకారము మినహాయింపు పొందు ధర్మసంస్థ తన యేటి రాబడిలో 85 శాతము ధర్మకార్యములకు వినియోగింపవలెను. అంతకు మించి ఏ ఊరికి, ఏ రోగమునకు, ఏ విద్యకు అను విషయమున చట్టము జోక్యము చేసికొనదు. 2008లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు ట్రస్టు పక్షమున అయిదు కోట్ల డాలర్లు ప్రకటింపబడినవి. అందు భారతీయ విద్యార్థుల వేతనములకు భాగమున్న మాట నిజమే. రతన్ టాటా చదివిన విద్యాలయము అది. మాతృసంస్థపై కృతజ్ఞత శ్లాఘనీయమైన గుణము. అయితే ఆ ధనము రతన్ టాటా స్వార్జితమా, దొరాబ్జీ నాటి ధర్మసంప్రదాయములో ప్రజలకు చెందినదా అని ఒక విద్యార్థి లేచి అడిగినచో, వానిని కూర్చుండుమనుట న్యాయము కాదు.

ఈ సందర్భమున ఒక పొరపాటును తొలగింపవలెను. 2013 కంపెనీల చట్టము పెద్ద కంపెనీలను తమ సగటు లాభములో రెండు శాతము సమాజమునకై వ్యయపరుపుమని ఆదేశించినది. టాటా కంపెనీలును అట్లు వ్యయపరుచుచున్నవి. అది వేరు, ఇది వేరు. అది కంపెనీ చేయు ఖర్చు. ఇది కంపెనీ యజమాని పొందు రాబడి. మన పాఠ్యగ్రంథములలో సహితము ఈ రెండును కలిసిపోవుట కద్దు.

ధర్మసంస్థ వ్యాపారమునకు యజమాని కావచ్చునా అను ప్రశ్నను ఇతర దేశములును ఎదుర్కొన్నవి. అమెరికాలో ఫోర్డు ఫౌండేషన్ 1956 నుండి తన ఫోర్డు మోటారు వాటాలను అమ్ముచు, 1974 నాటికి పూర్తిగా వదలించుకొన్నది. అచటి 1969 చట్టము కుటుంబ ధర్మసంస్థలు ఒక వ్యాపారములో ఇరువది శాతమునకు మించి పట్టు కలిగియుండుట సాధారణముగా కూడదన్నది. దానమను ముసుగులో కుటుంబ పెత్తనమును పన్నులేకుండ నిలుపుకొందురని వారి అనుమానము. మన ప్రభుత్వము వేరొక దారి పట్టినది. 1963లో కంపెనీల చట్టమును సవరించి, ట్రస్టుల చేతిలోని వాటాలకు ఓటువేయు హక్కును ప్రభుత్వము నియమించు పబ్లిక్ ట్రస్టీకి ఒప్పగించినది. వాటా ట్రస్టుది, డివిడెండు ట్రస్టుది, ఓటు మాత్రము ప్రభుత్వ ప్రతినిధిది. 2000వ సంవత్సరపు సవరణతో ఆ పద్ధతి అంతమైనది; ఓటు ధర్మకర్తలకు తిరిగి వచ్చినది. ఆదాయపు పన్ను చట్టము మరియొక వైపునుండి బిగించినది. మినహాయింపు కావలసిన ధర్మసంస్థలు ప్రైవేటు కంపెనీల వాటాలలో ధనము పెట్టరాదన్నది. 1973 జూన్ 1వ తేదీనాటికే మూలనిధిలో నున్న వాటాలను మాత్రము విడిచిపెట్టినది. దొరాబ్జీ, రతన్‌ల వాటాలు ఆ పాత తేదీ నీడలో నిలిచినవి. తోడి ట్రస్టులు కొన్ని ఆ నీడలో ఇమడలేక 2015లో మినహాయింపునే వదలుకొనెదమనినవి. 2019లో పన్నుశాఖ అట్టి ఆరు ట్రస్టుల రిజిస్ట్రేషనును రద్దుచేసినది. ఏనాటినుండి రద్దు అను దానిపై వ్యాజ్యము నడచినది. ఆ వివరము వకీళ్ళకు విడిచెదము.

ఓటు తిరిగి వచ్చిన తరువాత ధర్మకర్తల బలము పెరిగినది. ఆ బలమును టాటా సన్సు నియమావళిలోనే పొందుపరచుకొనిరి. రెండు పెద్ద ట్రస్టులును కలిసి పాలకవర్గములో మూడవవంతు మందిని నియమింపవచ్చును. ముఖ్య నిర్ణయములకు ఆ నియమితులలో అధికసంఖ్యాకుల సమ్మతి ఉండి తీరవలెను. 2016 అక్టోబరు 24న అధ్యక్షుడు సైరస్ మిస్త్రీని తొలగించినపుడు ఈ నిబంధనలు లోకమునకు తెలిసినవి. అప్పీలు న్యాయాధికరణము 2019 డిసెంబరులో మిస్త్రీ పక్షమున తీర్పుచెప్పగా, 2021 మార్చి 26న సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చినది. 2022లో రెండు అధ్యక్షపదవులును ఒకే వ్యక్తి వహింపరాదని కంపెనీ నియమావళిని మార్చుకొనిరి. మంచిపనియే, గాయము తగిలిన తరువాత కట్టిన కట్టు.

2024 అక్టోబరు 9న రతన్ టాటా కాలధర్మము నొందెను. రెండు దినములలో నోయెల్ టాటా ట్రస్టుల అధ్యక్షుడయ్యెను. అంతవరకు ధర్మకర్తల నడుమ భేదాభిప్రాయములున్నను, అవి పెద్దమనిషి ఎదుట పెదవి దాటలేదు. 2025 సెప్టెంబరులో టాటా సన్సు పాలకవర్గమున ట్రస్టుల ప్రతినిధిగా ఎవరుండవలెనను విషయముపై వారు రెండుగా చీలిరి. సంప్రదాయముగా ఏకగ్రీవముగా నడచు సభలో చేతులెత్తవలసి వచ్చినది. అక్టోబరులో కేంద్ర మంత్రులు టాటా పెద్దలతో సమావేశమైరని వార్తలు వెలువడినవి. ఆ మాసాంతమున ఒక ధర్మకర్త పదవీకాలమును తోటివారు పొడిగింపలేదు. అదే సంవత్సరము మహారాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా ఆ రాష్ట్రపు ట్రస్టులలో జీవితకాల ధర్మకర్తల సంఖ్యను మొత్తములో నాలుగవవంతునకు పరిమితము చేసినది.

ఈ కలహములో ఎవరి పక్షము సరియైనదో నిర్ణయించుట నా ఉద్దేశము కాదు. నన్ను కలవరపరచినది వేరు. అన్ని మాసములపాటు నడచిన చర్చలో ఎవరెవరి మాట నెగ్గవలెను, ఎవరు ఏ పాలకవర్గములో కూర్చుండవలెను, వాటాలు బజారులో అమ్మకమునకు రావలెనా వలదా అను విషయములే వినవచ్చినవి. ఏ గ్రాంటు ఆగినది, ఏ ఆసుపత్రి వేచియున్నది, ఏ విద్యాలయము జీతములకు ఎదురుచూచుచున్నది అను మాట ఒక్కటి వినరాలేదు. మాన్యముపై ధర్మకర్తలు తగవులాడుకొనునపుడు ప్రసాదమును గూర్చి ఎవరును మాటలాడరు.

వాటాలను అమ్మివేసి ఫోర్డు ఫౌండేషన్ వలె తేలికపడుట మంచిదనువారితో నేను ఏకీభవింపలేను. 1970 ప్రాంతమున టాటా ట్రస్టులు అట్లు అమ్మియుండినచో, నాటి ధర నేడు చిల్లరగా తోచెడిది. యజమానిగా నిలిచినందువలననే ధర్మము పెరిగినది. కాని యజమానిగా నిలిచినవాడు యజమాని బాధ్యతను కూడ మోయవలెను. పబ్లిక్ కంపెనీలో వాటాదారు యేటేట సభలో లేచి అడుగవచ్చును. ఇచట టాటా సన్సు ప్రైవేటు కంపెనీ. దాని పెద్ద వాటాదారు ట్రస్టు. ట్రస్టు లబ్ధిదారు దేశములోని పేదప్రజ. ఆ ప్రజకు సభ లేదు, ఓటు లేదు. ట్రస్టులు వార్షిక నివేదికలు వెలువరించుచున్నవి. చారిటీ కమిషనరునకు లెక్కలు అప్పగించుచున్నవి. వానిలో చేసిన పనులు చక్కని చిత్రములతో కనుపించును. ఆపిన పనులు, ఆపిన కారణములు కనుపింపవు.

ఈ వ్యాసము వ్రాయుచుండగా తిరుపతి నా మనస్సున మెదలినది. అలిపిరి మార్గములో తిరుమల తిరుపతి దేవస్థానము ఇచ్చిన భూమిలో టాటా ట్రస్టులు క్యాన్సరు వైద్యశాలను నిర్మించినవి. 2018 ఆగస్టులో శంకుస్థాపన జరిగినది; 2022 మేలో తలుపులు తెరచినవి. రాయలసీమ పేదలు మదరాసుకో, వేలూరుకో పరుగెత్తవలసిన ప్రయాణము అంతమేరకు తగ్గినది. రెండు మాన్యములు ఒకచోట కలిసిన స్థలము అది. ఒకటి ఏడుకొండలవాని పేరునున్నది. రెండవది దొరాబ్జీ వంటివారి మరణశాసనములనుండి పుట్టినది.

దేవస్థానమునకు లోపములు లేకపోలేదు. పాలకమండలిని రాష్ట్ర ప్రభుత్వము నియమించును. ప్రభుత్వము మారినపుడెల్ల మండలి మారుట, సభ్యత్వమునకై పైరవీలు జరుగుట మనమెరిగినదే. అయినను దేవస్థానపు వార్షిక బడ్జెటు ప్రతి యేడును తెలుగు పత్రికలలో అచ్చగును. హుండీ రాబడి ఎంత, జీతములకెంత, విద్యాసంస్థలకెంత, ఆసుపత్రులకెంత అని ఊరిలోని కిరాణాకొట్టువాడు సహితము చదివి, ఇంత ఎందుకు, అంత ఎందుకు అని అరుగుమీద వాదించును. ఆ వాదము ఒక్కొక్కప్పుడు అసెంబ్లీకి చేరును, హైకోర్టుకును చేరును.

అదే వైద్యశాలలో రెండవ మాన్యమునుండి ఈ యేడు ఎంత వచ్చునో, వచ్చే యేడు ఎంత వచ్చునో ముంబయిలో ఒక గదిలో కూర్చున్న కొలదిమంది నిర్ణయింతురు. కీమోథెరపీకై వరుసలో కూర్చున్న రోగికి ఆ గది ఎచట నున్నదో తెలియదు.